డకోటా వాళ్ళు కెనడాకి శరణార్థులుగా వచ్చారా? సూ వ్యాలీ గురించి నాకు తెలిసింది

మీరు అడిగింది ఇది: బ్రాండన్ నుంచి రెజైనా వైపు ట్రాన్స్‌కెనడా హైవే మీద వెళ్తుంటే గ్రిస్‌వోల్డ్ దగ్గర సూ వ్యాలీ డకోటా నేషన్ (డకోటా అనే ఆదివాసీ జాతి వాళ్ళ ఊరు) బోర్డు చూశారు. కారులో ఉన్న స్నేహితుడు, వీళ్ళు అసలు ఇక్కడివాళ్ళే కాదు, అమెరికాలో తిరుగుబాటు చేసి పారిపోయి వచ్చారు, కెనడా దయతలచి భూమి ఇచ్చింది అన్నాడు. అది నిజమా? వాళ్ళ పావ్‌వావ్‌కి, అంటే ఆటపాటల పండగకి, మనలాంటివాళ్ళం వెళ్ళొచ్చా?

రెండో ప్రశ్నకి, వెళ్ళొచ్చు. ఎలా వెళ్ళాలో చివర్లో చెప్తాను. మొదటిది మాత్రం ఒక్క ముక్కలో తేలదు. మీ స్నేహితుడు ఆ మాట సొంతంగా పుట్టించలేదు. కెనడా ప్రభుత్వమే నూట యాభై ఏళ్ళు అదే మాట అంటూ వచ్చింది. అది తప్పని 2024 జులై 15న అదే ప్రభుత్వం తొమ్మిది డకోటా, లకోటా (డకోటా వాళ్ళ బంధుజాతి) నేషన్ల ముందు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఈ మధ్యలో ఆ ఒక్క మాట వల్ల వాళ్ళకి ఎంత నష్టం జరిగిందో తెలిస్తే, మళ్ళీ ఆ మాట అనాలనిపించదు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. పదహారేళ్ళు బ్రాండన్ చుట్టుపక్కల వ్యవసాయ యంత్రాలు రిపేరు చేశాను. కంబైన్లు, సీడర్లు, బేలర్లు. సూ వ్యాలీ పొలాల్లోకీ, ఇంకా దక్షిణంగా చానుపవక్ప అనే ఇంకో డకోటా నేల వైపూ చాలాసార్లు వెళ్ళాను. అక్కడ విన్నది మనసులో పడి, తర్వాత దొరికినంతవరకు చదువుకున్నాను.

ముందు పేర్ల సంగతి. బోర్డు మీది స్పెల్లింగ్ చూసి మనవాళ్ళు సియోక్స్ అని చదువుతారు. పలకాల్సింది సూ అని. అది కూడా వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. పొరుగున ఉండే ఒజిబ్వే వాళ్ళ మాటని ఫ్రెంచి వ్యాపారులు తమ నోటికి వచ్చినట్టు పలికితే, చివరికి మిగిలిన తోక అది. వాళ్ళని వాళ్ళు డకోటా అనుకుంటారు, మిత్రులు అని అర్థం. సూ వ్యాలీకి వాళ్ళ భాషలో పేరు విపజోక వక్ప, అంటే సస్కటూన్ పళ్ళ ఏరు. ఇంకొకటి, మనం చిన్నప్పటి నుంచి రెడ్ ఇండియన్లు అంటుంటాం. దయచేసి ఇక్కడ ఆ మాట వాడకండి. ఫస్ట్ నేషన్స్ అనండి, ఇంకా మంచిది ఆ జాతి పేరుతోనే పిలవండి.

రిజర్వ్ అంటే మన రిజర్వేషన్ కాదు. రిజర్వ్ ఫారెస్ట్ అంటామే, ఆ అర్థం. ఒక సమూహం ఉండటానికి ప్రభుత్వం విడిగా కేటాయించిన నేల. సొంత హక్కు మాత్రం సింహాసనం మీదున్న రాణి గారిదో రాజు గారిదో, అంటే ప్రభుత్వానిదే. మన అసైన్డ్ భూమి ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: దున్నుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, కానీ అమ్ముకోలేరు, తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోలేరు.

ఇక శరణార్థులన్న మాట. 1812లో బ్రిటిష్ వాళ్ళకీ అమెరికాకీ యుద్ధం వచ్చినప్పుడు డకోటా యోధులు బ్రిటిష్ పక్షాన పోరాడారు. అందుకు ప్రతిగా మూడో జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి పతకాలు, జెండాలు పుచ్చుకున్నారు. మిమ్మల్ని ఎప్పటికీ వదలం అన్న మాట కూడా పుచ్చుకున్నారు. 1814 చివర్లో సంధి కుదిరింది. ఆ సంధిలో డకోటా నేల అమెరికా వైపు ఉండిపోయింది. 1816లో హ్యూరన్ సరస్సులోని డ్రమండ్ దీవిలో బ్రిటిష్ అధికారులు బహుమానాలు పరిచి కృతజ్ఞతలు చెప్పబోతే, డకోటా నాయకులు వాబషా, లిటిల్ క్రో వాటిని తిరస్కరించారు. మా మనుషుల్ని పోగొట్టుకున్నందుకు, మమ్మల్ని శత్రువుకి వదిలేసినందుకు ఈ దుప్పట్లా అని వాళ్ళ బాధ. అయినా పతకాలు మాత్రం పారేయలేదు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దాచుకున్నారు.

ఆ తర్వాతి యాభై ఏళ్ళు మిన్నెసోటాలో జరిగింది త్వరగా చెప్తాను. 1851 ఒప్పందాల్లో దాదాపు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు పోయాయి. బదులుగా ఏటా ఇస్తామన్న డబ్బు సరిగ్గా అందలేదు. 1862 వేసవిలో అమెరికా అంతర్యుద్ధం మధ్య ఆ డబ్బు ఇంకా ఆలస్యమైంది. అంతకుముందు ఏడు పంట పోయింది. గోదాముల్లో సరుకుంది, అప్పు పుట్టదు, పిల్లలు ఆకలితో ఉన్నారు. ఆగస్టులో యుద్ధం మొదలైంది, ఆరు వారాల్లో డకోటా వాళ్ళు ఓడిపోయారు. 303 మందికి మరణశిక్ష వేశారు. లింకన్ ఆ జాబితా తగ్గించాక, 1862 డిసెంబరు 26న మాంకేటో పట్టణంలో 38 మందిని ఒకేసారి ఉరి తీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజు ఒకేచోట ఇంతమందిని ఉరి తీసింది ఇంకెప్పుడూ లేదు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కలిపి సుమారు 1600 మందిని ఆ చలికాలం ఫోర్ట్ స్నెల్లింగ్ కింద కంచె వేసి ఉంచారు. మరుసటి ఏడు ఒప్పందాలన్నీ రద్దు చేసి, డకోటా వాళ్ళు మిన్నెసోటాలోనే ఉండకూడదని చట్టం చేశారు. యుద్ధం వద్దన్న కుటుంబాలూ ఇందులో నలిగిపోయాయి.

అప్పుడు కొన్ని వందల మంది ఉత్తరానికి నడిచారు. ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి, ఎందుకంటే మీ స్నేహితుడి మాట కూలిపోయేది ఇక్కడే. వాళ్ళు వచ్చింది రెడ్ రివర్ దగ్గరికి, ఇప్పటి విన్నిపెగ్‌కి. 1863 మేలో లిటిల్ క్రో (1816 నాటి నాయకుడి మనవడు) అక్కడి ఫోర్ట్ గ్యారీ అనే కోటకి వచ్చి, ఆ పాత పతకాలు, జెండాలు చూపించి, తాతలకి ఇచ్చిన మాట గుర్తు చేశాడు. ఎవరికి? కెనడా ప్రభుత్వానికి కాదు. అప్పటికి కెనడా అనే దేశమే ఏర్పడలేదు. అది 1867లో పుట్టింది, ఈ ప్రెయిరీ (చదునైన గడ్డి మైదానాల) నేల దాని చేతికి వచ్చింది 1870లో. 1863లో అక్కడ పెత్తనం హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థది. 49వ అక్షాంశం సరిహద్దు అని 1818లో కాగితం మీద రాసుకున్నారు, కానీ ఈ ప్రెయిరీ మీద కొలిచి గుర్తులు పాతింది 1872 నుంచి 1874 మధ్య. అంటే గీత పడటానికి పదేళ్ళ ముందు దాటినవాళ్ళని, గీత పడ్డాక, మీరు అవతలివాళ్ళు అన్నారు. పైగా ఆ గీతకి ఉత్తరాన తాము వేటాడేవాళ్ళమనీ, సరుకులు మార్చుకునేవాళ్ళమనీ డకోటా పెద్దలు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. వాళ్ళకిది కొత్త నేల కాదు. తమ నేలలోనే ఉత్తరపు కొసకి జరిగారు.

ఆ కొసలో కూడా భద్రత దొరకలేదు. 1864 జనవరిలో షాకోపీ, మెడిసిన్ బాటిల్ అనే ఇద్దరు నాయకులకి ఫోర్ట్ గ్యారీ ప్రాంతంలో మత్తుమందు కలిపిన సారా తాగించి, స్లెడ్జికి కట్టి సరిహద్దు దాటించి అమెరికా సైన్యానికి అప్పగించారు. 1865 నవంబరులో వాళ్ళని ఉరి తీశారు.

1871 నుంచి కెనడా క్రీ, ఒజిబ్వే లాంటి జాతులతో నేల గురించి నంబర్లు వేసి ఒప్పందాలు కుదుర్చుకుంటూ వచ్చింది. డకోటా వాళ్ళు తమనీ కలపమని అడిగారు. మీరు అమెరికన్ ఇండియన్లు, మీకిక్కడ హక్కు లేదు, దయతో కొంచెం నేల ఇస్తాం అన్నారు ప్రభుత్వంవాళ్ళు. ఆ కొంచెం ఎంతో లెక్క చూడండి. సూ వ్యాలీ ఉన్నది రెండో ఒప్పందం ప్రాంతంలో. ఆ ఒప్పందంలో చేరిన జాతులకి అయిదుగురున్న కుటుంబానికి 160 ఎకరాలు. తర్వాతి ఒప్పందాల్లో, ఉదాహరణకి సస్కాచెవాన్‌లో, 640 ఎకరాలు. తూర్పు నుంచో యూరప్ నుంచో వచ్చిన తెల్లవాడికి 10 డాలర్ల ఫీజు కడితే 160 ఎకరాలు, అదీ అమ్ముకునే హక్కుతో. డకోటా కుటుంబానికి 80 ఎకరాలు. ఒప్పందం ఉన్నవాళ్ళకి ఏటా తలకి 5 డాలర్లు వస్తే, వీళ్ళకి అదీ లేదు.

ఆ 80 ఎకరాల లెక్కతో 1875లో మానిటోబాలో రెండు రిజర్వులు కొలిచారు: అసినిబోయిన్ నది ఒడ్డున ఓక్ రివర్ (ఇదే ఇప్పటి సూ వ్యాలీ), దానికి వాయవ్యంగా బర్డ్‌టెయిల్. కొన్నాళ్ళకి ఓక్ లేక్ దగ్గర ఇంకొకటి, అదే చానుపవక్ప. సస్కాచెవాన్ వైపు స్టాండింగ్ బఫెలో, వైట్‌క్యాప్, వాపెటన్. టర్టిల్ మౌంటెన్ దగ్గర ఒక్క చదరపు మైలు రిజర్వ్ ఉండేది, దాన్ని 1909లో ప్రభుత్వం వెనక్కి తీసేసుకుంది. పోర్టేజ్ లా ప్రెయిరీ దగ్గర స్థిరపడినవాళ్ళకి ఏమీ ఇవ్వకపోతే, కూలి డబ్బులు పోగేసుకుని సొంతంగా నేల కొనుక్కున్నారు. దయ మీద బతికే జనం అన్నవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇప్పుడు గోధుమ. నా మనసుకి దగ్గరైన భాగం ఇది.

ఒక ఆగస్టులో సూ వ్యాలీలో ఒక పెద్దాయన బేలర్ బాగుచేయడానికి వెళ్ళాను. గడ్డి కట్టలకి దారం చుట్టి ముడి వేసే భాగాన్ని నాటర్ అంటాం. పక్షి ముక్కులాంటి చిన్న ఉక్కు కొక్కెం, ఒక్క చుట్టు తిరిగి దారాన్ని పట్టి ముడి వేసి వదులుతుంది. ఆ ముక్కు అరిగిపోయి ముడి జారిపోతోంది. నేను విప్పి చేతిలో పెట్టుకుంటే ఆయన దాన్ని తీసుకుని, బొటనవేలితో తుడిచి, మా ముత్తాత బైండర్‌కి కూడా ఇదే ఉండేది అన్నాడు. నిజమే, ఈ నాటర్ 1880ల నాటి బైండర్‌లో ఉన్నదే, పెద్దగా మారలేదు. బైండర్ అంటే పైరు కోసి, పనలు కట్టి పక్కన పడేసే యంత్రం, గుర్రాలు లాగేవి. ఆయన కాసేపు ఆగి, దాన్ని వాడొద్దన్నారు తెలుసా అన్నాడు. నాకు తెలియదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి వెతకడం మొదలుపెట్టాను.

1880ల మొదట్లో రైలు వచ్చాక ఓక్ రివర్ డకోటా రైతులు గోధుమలో బాగా నిలదొక్కుకున్నారు. ఎద్దులు, నాగళ్ళు, తర్వాత సొంత డబ్బుతో, అప్పుతో బైండర్లు. ప్రెయిరీలో మంచు పడకముందే కోత అయిపోవాలి. వారం ఆలస్యమైతే ఏడాది కష్టం పోతుంది. అందుకే యంత్రం. చుట్టుపక్కల తెల్ల రైతులు కూడా అదే వాడేవాళ్ళు. సరిగ్గా అప్పుడు, 1889లో, హేటర్ రీడ్ అనే ఇండియన్ కమిషనర్ ఒక కొత్త విధానం పెట్టాడు. ఆదివాసులు ఒక్కసారిగా యంత్రాలకి ఎగబాకకూడదట, ముందు చేతి పనితో చిన్న రైతులుగా మారాలట. విత్తనం చేత్తో చల్లాలి, కొడవలితో కోయాలి, గడ్డి పేని కట్టలు కట్టాలి, కర్రలతో కొట్టి నూర్చాలి, చేతి తిరగలితో విసరాలి. 40 ఎకరాల ముక్కలుగా చేసి, అందులో కొద్దిగా గోధుమ, మిగతా దుంపలు, కూరగాయలు. తెల్ల రైతులు అప్పటికే ప్రభుత్వం సాయం చేసి మాకు పోటీ తయారు చేస్తోందని గొడవ చేస్తున్నారు. వాళ్ళ గొడవ ఎవరికి లాభించిందో వేరే చెప్పాలా.

దీనికి తోడు పర్మిట్. 1880ల మొదటి నుంచే చట్టంలో ఉంది: ప్రెయిరీ రిజర్వుల మీద పండిన గింజ, గడ్డి, దుంప ఏదైనా ఏజెంటు (రిజర్వుల మీద ప్రభుత్వం పెట్టిన అధికారి) చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ లేకుండా కొన్న వ్యాపారికీ శిక్షే. ఊహించుకోండి. బండి నిండా బస్తాలు వేసుకుని గ్రిస్‌వోల్డ్ ఎలివేటర్ (ధాన్యం కొని నిల్వ చేసే గోదాము) దగ్గరికి వెళ్ళారు. ధర బాగుంది. చీటీ లేదు. ఏజెంటు వేరే రిజర్వ్‌లో ఉన్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అతను వచ్చేసరికి ధర పడింది, బైండర్ కంపెనీ వాయిదా దాటింది. చీటీ దొరికినా, వచ్చిన డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో కూడా ఆఫీసువాళ్ళే చెప్పేవాళ్ళు.

ఓక్ రివర్ రైతులు ఊరుకోలేదు. 1893లో రాజధాని ఒట్టావాకి పిటిషన్ పెట్టారు. మా కష్టంతో పండించింది మేమే అమ్ముకుంటాం, మీ దగ్గర తిండి గింజలు కూడా అడగట్లేదు కదా, మధ్యలో ఈ చీటీ ఎందుకు అన్నది వాళ్ళ వాదన. సరిగ్గా ఆ ఏడే రీడ్ ఇండియన్ వ్యవహారాల శాఖకే పెద్ద అధికారి అయ్యాడు. కొందరు అల్లరి చేసేవాళ్ళ పని అని కొట్టిపారేశారు. చేతి పనిముట్ల విధానం 1890ల చివరికి పోయింది. కానీ అప్పటికే చాలామంది విసిగి సేద్యం తగ్గించేశారు. పర్మిట్ మాటైతే ఇండియన్ యాక్ట్ (ఆదివాసుల మీద కెనడా చేసిన చట్టం) నుంచి పూర్తిగా తీసేసింది 2014లో. పందొమ్మిది వందల పద్నాలుగు అనుకునేరు, రెండువేల పద్నాలుగు. రిజర్వుల్లో వాళ్ళు సేద్యం ఎందుకు చేయరు అని మనవాళ్ళు కాఫీ దగ్గర అడుగుతుంటే నాకు ఆ బైండర్ గుర్తొస్తుంది.

స్కూలు గురించి ఎక్కువ రాయలేను, రాయకుండా ఉండనూ లేను. బ్రాండన్‌లో 1895 నుంచి 1972 దాకా రెసిడెన్షియల్ స్కూలు నడిచింది. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి, భాష మాన్పించి, సగం రోజు పనిలో పెట్టేవాళ్ళు. కొందరు తిరిగి రాలేదు. సూ వ్యాలీ వాళ్ళే పరిశోధకులతో కలిసి ఏళ్ళ తరబడి వెతికించి, మూడు చోట్ల కలిపి 104 సమాధులు ఉండొచ్చని తేల్చారు. రికార్డుల్లో లెక్క దొరికింది 78కే. ఆ పెద్దాయన తరంలో డకోటా మాట్లాడగలిగి కూడా పిల్లలకి నేర్పనివాళ్ళు ఎందుకున్నారో దీన్నిబట్టి మీరే అర్థం చేసుకోవచ్చు.

మీరు సస్కటూన్ వెళ్తే 219 రోడ్డు పట్టుకుని దక్షిణానికి ఇరవై ఆరు కిలోమీటర్లు వెళ్ళండి, వైట్‌క్యాప్ డకోటా నేషన్ వస్తుంది. 1882లో సస్కటూన్ ఊరు ఎక్కడ కట్టుకోవాలో వలస వచ్చినవాళ్ళకి సలహా చెప్పినవాడు చీఫ్ వైట్‌క్యాప్. 1885లో మేటీల (ఆదివాసీ, యూరప్ మూలాలు కలిసిన జాతి) తిరుగుబాటులోకి ఆయన్ని బలవంతంగా లాక్కెళ్ళారని సస్కటూన్ మనిషి ఒకాయన కోర్టులో సాక్ష్యం చెప్పడంతో నిర్దోషిగా బయటపడ్డాడు. వాళ్ళకి ఇచ్చిందంతా ఇసుక దిబ్బలు. సేద్యం సాగదు, పశువులు పెంచారు. ఇప్పుడు అవే దిబ్బల మీద గోల్ఫ్ కోర్సు, క్యాసినో ఉన్నాయి, చుట్టుపక్కలవాళ్ళకీ అక్కడ ఉద్యోగాలు. సస్కటూన్ నది ఒడ్డున 1812 నాటి స్నేహానికి గుర్తుగా పెట్టిన విగ్రహాలు కూడా చూడండి. 2014లో ప్రిన్స్ ఎడ్వర్డ్ వచ్చి ఆవిష్కరించారు.

సూ వ్యాలీ కూడా ఆగలేదు. 1991లో స్వపరిపాలన కోసం చర్చలు మొదలుపెడితే, 2014 జులై 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. ప్రెయిరీ రాష్ట్రాల్లో స్వపరిపాలన సాధించిన మొదటి ఫస్ట్ నేషన్ వాళ్ళే. ఇరవై మూడేళ్ళు పట్టింది. చర్చలు మొదలైనప్పుడు బడిలో ఉన్న పిల్లలు అప్పటికి తల్లిదండ్రులయ్యారు. వైట్‌క్యాప్ వాళ్ళ స్వపరిపాలన ఒప్పందం 2023 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది, వాళ్ళు దాన్ని ట్రీటీ అనే పిలుస్తారు. 2024 క్షమాపణ చెప్పింది కూడా వైట్‌క్యాప్ నేల మీదే. డకోటా, లకోటా వాళ్ళు రాజ్యాంగం 35వ సెక్షన్ చెప్పే కెనడా ఆదివాసులే అని అందులో ఒప్పుకున్నారు. కాబట్టి మీ స్నేహితుడితో గొడవ పడక్కర్లేదు, ఆ తేదీ చెప్పండి చాలు. ఇంకో మాట కూడా చెప్పండి: డకోటా వాళ్ళు ఏ ఒప్పందంలోనూ ఇక్కడి నేలని వదులుకుంటున్నామని సంతకం పెట్టలేదు. ఒప్పందం లేకపోవడం వాళ్ళ లోటు అని ఇన్నాళ్ళూ అన్నారు. వాళ్ళు మాత్రం దాన్ని అలా చూడరు.

ఇక పావ్‌వావ్. ఎండాకాలంలో జరుగుతుంది, అందరికీ ప్రవేశం ఉంటుంది. మొదట గ్రాండ్ ఎంట్రీ అని అందరూ వరసగా లోపలికి వస్తారు, అప్పుడు లేచి నిలబడి టోపీ తీయాలి. గద్ద ఈకల దండాలు, జెండాలు ముందు వస్తాయి, వాటిని మాజీ సైనికులు పట్టుకుంటారు. ఆడేవాళ్ళు వేసుకున్న వాటిని డ్రెస్ అనీ కాస్ట్యూమ్ అనీ అనకండి, రెగాలియా అంటారు. ఒక్కోటి ఇంట్లో అమ్మమ్మో అత్తో ఏళ్ళ తరబడి పూసలు కుట్టింది. ముట్టుకోకండి. ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి. ఈక కింద పడితే ఫోన్ జేబులో పెట్టేయండి, దాన్ని ఎత్తడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. తాగి వెళ్ళకూడదు, వేరే చెప్పక్కర్లేదు. మైకులో ఇంటర్‌ట్రైబల్ అన్నప్పుడు ఎవరైనా దిగి ఆడొచ్చు, పిల్లల్ని తీసుకుని మీరూ దిగండి, సంతోషిస్తారు.

కుర్చీలు మీవే తెచ్చుకోండి, దోమల మందు మర్చిపోకండి. కొంచెం ముందే బయల్దేరండి, పార్కింగ్ త్వరగా నిండిపోతుంది. నార్త్ డకోటా, సౌత్ డకోటా, మిన్నెసోటా నంబరు ప్లేట్లతో బంధువులు రాత్రంతా డ్రైవ్ చేసుకుని వచ్చేస్తారు.